పేద దేశాల అప్పుల పునర్‌వ్యవస్థీకరణ (కట్టలేని అప్పును కొంత తగ్గించడం, గడువు పెంచడం) ఏళ్ల తరబడి ఎందుకు సాగుతుంది?

కంపెనీ దివాలా తీస్తే కోర్టు ఉంది. దేశం అప్పు కట్టలేకపోతే అలాంటి కోర్టు ఏదీ లేదు, అప్పిచ్చినవాళ్లందరితోనూ బేరమాడుకోవాల్సిందే. అసలు చిక్కు ఇదే.

ఒకప్పుడు అప్పిచ్చిన ప్రభుత్వాలు ఎక్కువగా పారిస్ క్లబ్‌ (అప్పులిచ్చే, ఎక్కువగా ధనిక దేశాల బృందం)లోనివే, కాబట్టి మాట త్వరగా కలిసేది. ఇప్పుడు చైనా ఉంది, బాండ్లు కొన్న ప్రైవేట్ ఫండ్లున్నాయి. ‘నేను వదులుకున్న డబ్బు పక్కవాడి బాకీ తీర్చడానికి పోతుందేమో’ అని ఎవరికి వారే ఆగుతారు.

జాంబియా సంగతి చూడండి. 2020 నవంబర్‌లో బాండ్ల వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. అప్పిచ్చిన ప్రభుత్వాలన్నీ కలిసి బేరమాడేందుకు జీ20 అదే నెలలో తెచ్చిన ‘కామన్ ఫ్రేమ్‌వర్క్’ అనే ఏర్పాటు కింద 2021 మొదట్లోనే దరఖాస్తు పెట్టింది. అయినా సుమారు 630 కోట్ల డాలర్ల అప్పుపై అప్పిచ్చిన ప్రభుత్వాలతో సూత్రప్రాయంగా ఒప్పందం కుదరడానికి 2023 జూన్ దాకా పట్టింది. పోనీ అక్కడితో అయిందా? బాండ్లున్నవాళ్లతో కుదిరిన ఒప్పందంలో వాళ్లు వదులుకుంటున్నది చాలదని అప్పిచ్చిన ప్రభుత్వాల కమిటీ అడ్డుపడింది. బాండ్ల వ్యవహారం 2024లో గానీ తేలలేదు.

ఈలోగా కొత్త అప్పు పుట్టడం కష్టం. అప్పిచ్చిన ప్రభుత్వాలు హామీ ఇచ్చేదాకా ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) కూడా సాధారణంగా తన రుణ కార్యక్రమాన్ని ఆమోదించదు. జాంబియాకు 2022 ఆగస్టులో గానీ ఆ ఆమోదం రాలేదు. ఈ తంటా చూసే చాలా ప్రభుత్వాలు, నా ఉద్దేశంలో, అప్పు తగ్గించమని అడగాల్సిన సమయానికి అడగకుండా నెట్టుకొస్తుంటాయి.