డానాంగ్ బీచ్ రిసార్ట్‌లో ఉద్యోగం: అమ్మాయిని పంపమంటారా?

ప్రశ్న: మాది విశాఖ. మా అమ్మాయికి 24 ఏళ్లు. హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ చేసి, హైదరాబాద్‌లో ఒక స్టార్ హోటల్లో మూడేళ్లుగా పనిచేస్తోంది. వియత్నాంలోని డానాంగ్‌లో ఒక బీచ్ రిసార్ట్ వాళ్లు గెస్ట్ రిలేషన్స్‌లోకి తీసుకుంటామన్నారు. తను సంబరంగా ఉంది, మాకు మాత్రం టెన్షన్. పంపమంటారా?

జవాబు: పంపొచ్చండీ. కాకపోతే టికెట్ కొనే ముందు కొన్ని విషయాలు తేలాలి. అవి తేలేదాకా ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వొద్దని చెప్పండి.

డానాంగ్‌కు మన దేశం నుంచి వెళ్లే పర్యాటకులు ఈ మధ్య బాగా పెరిగారు. పెళ్లిళ్లు కూడా అక్కడి రిసార్టుల్లో చేసుకుంటున్నారు. మూడు రోజుల పెళ్లి, రెండు వందల మంది చుట్టాలు, సగం మందికి శాకాహారం, తెల్లవారుజామున ముహూర్తం. ఇదంతా చెప్పకుండానే అర్థమయ్యే మనిషి వాళ్లకు కావాలి. మీ అమ్మాయికి పిలుపు అందుకే వచ్చి ఉంటుంది. తన పని ఫ్రంట్ డెస్క్ వరకేనా, పెళ్లిళ్లు ప్లాన్ చేసే టీమ్‌లో కూడా చోటు ఉంటుందా అని ఇప్పుడే అడగమనండి. ఆ టీమ్‌లో రెండేళ్లు చేస్తే తిరిగొచ్చాక ఎక్కడైనా విలువ ఉంటుంది. డెస్క్ వరకే అయితే, హైదరాబాద్‌లో నేర్చుకున్నదానికి కొత్తగా కలిసేది తక్కువ.

నేను ఎక్కువ భయపడేది కాగితాల దగ్గర. వియత్నాం 2023 ఆగస్టు నుంచి 90 రోజుల ఈ-వీసా ఇస్తోంది. అది తేలిగ్గా వస్తుంది. దాని మీద వచ్చి చేరిపోండి, మిగతావి తర్వాత చూసుకుందాం అనేవాళ్లుంటారు. ఒప్పుకోవద్దు. టూరిస్టుగా వెళ్లి పనిచేయడం అక్కడ చట్టవిరుద్ధం. నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రాడు వేరే దేశంలో బీచ్ ఊరికి ఇలాగే వెళ్లాడు. మూడో నెల జీతం ఎగ్గొడితే ఎవరికీ ఫిర్యాదు చేయలేక వెనక్కి వచ్చాడు. చట్టం లెక్కలో అతను అక్కడ ఉద్యోగే కాదు. ఆ అబ్బాయి ముఖం నాకు ఇంకా గుర్తుంది.

వర్క్ పర్మిట్ ఒకసారికి రెండేళ్లకు మించి ఇవ్వరు. అది ఆ యజమానికే ముడిపడి ఉంటుంది, కాబట్టి ఉద్యోగం పోతే అక్కడ ఉండే వీలూ పోతుంది. కొన్నేళ్లు పనిచేసి పీఆర్ (శాశ్వత నివాస హక్కు) తెచ్చుకునే దారి అక్కడ లేదనే అనుకోండి. డిగ్రీ, అనుభవ పత్రం, పోలీస్ క్లియరెన్స్‌లకు అటెస్టేషన్, అంటే అవి అసలైనవేనని అధికారుల ధ్రువీకరణ కావాలి. దానికి వారాలు పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టండి.

మీది విశాఖ కాబట్టి 2024లో బయటపడ్డ కంబోడియా మోసం గుర్తుండే ఉంటుంది. ఉద్యోగాలని తీసుకెళ్లి మన పిల్లలతో సైబర్ నేరాలు చేయించారు. అందుకని ఆఫర్ లెటర్‌లో ఉన్న నంబరుకు కాకుండా, రిసార్ట్ సొంత వెబ్‌సైట్‌లోని నంబరుకు ఫోన్ చేసి హెచ్‌ఆర్‌తో మాట్లాడండి. మధ్యలో ఏజెంట్ ఉంటే, విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని పేరు ఉందో లేదో చూడండి.

జీతం చెప్పేటప్పుడు గ్రాస్ (కోతలకు ముందుది) చెప్పారా, నెట్ (చేతికొచ్చేది) చెప్పారా? అందులో సర్వీస్ చార్జ్ వాటా, అంటే అతిథుల బిల్లుల మీద వసూలు చేసి సిబ్బందికి పంచేది, ఎంత? ఇది ఎందుకు అడగాలంటే, డానాంగ్‌లో సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపాన్లు. గదులు ఖాళీగా ఉంటే ఆ వాటా పడిపోతుంది. వేసవి లెక్కలు చూపించి చెప్పిన జీతం అక్టోబరులో చేతికి రాదు. ప్రొబేషన్ కూడా చూడండి. డిగ్రీ కావాల్సిన ఉద్యోగాలకు అక్కడి చట్టం ప్రకారం 60 రోజులు మించకూడదు, ఆ రోజుల్లో జీతం 85 శాతానికి తగ్గకూడదు.

ఇక బతుకు సంగతి. హుద్‌హుద్ చూసిన ఊరి పిల్లకు తుపాను గురించి, ఉప్పుగాలికి తుప్పు పట్టే సామాను గురించి నేను చెప్పక్కర్లేదు. అన్నం తినే దేశమే, తిండికి మరీ ఇబ్బంది ఉండదు. కానీ చేపల సాస్ చాలా వంటల్లో పడుతుంది. శాకాహారి అయితే ‘ఆన్ చాయ్’ (శాకాహారం తినడం) అనే మాట మొదటిరోజే నేర్చుకోవాలి. భాష కష్టం. ‘మా’ అనే ఒక్క మాట పలికే స్వరాన్ని బట్టి అమ్మ కావచ్చు, దయ్యం కావచ్చు, వరినారు కావచ్చు. అయినా నేర్చుకోమనండి. అక్కడికొచ్చే విదేశీయుల్లో చాలామంది కొన్ని నెలలు ఉండి వెళ్లిపోతారు. ఈ నెల దొరికిన స్నేహితురాలు పండక్కి ఉండదు. భాష వస్తే తోటి ఉద్యోగుల ఇళ్లకు రాకపోకలు ఉంటాయి. ఒంటరితనానికి నాకు తెలిసిన మందు అదే.

ఆడపిల్ల ఒక్కతే అని మీరు భయపడుతున్నారు. నా భయం రోడ్డు గురించి. అక్కడ అందరూ స్కూటర్ల మీదే తిరుగుతారు. మన దగ్గర ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి అంతర్జాతీయ రోడ్డు ఒప్పందం కిందిది, వియత్నాం గుర్తించేది 1968 ఒప్పందం కిందిది. అంటే మన పర్మిట్‌తో బండి నడిపితే లైసెన్స్ లేనట్టే. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ‘డబ్బు ఇవ్వం’ అనొచ్చు. రాత్రి 11కి షిఫ్ట్ దిగాక ఇంటికి చేర్చే బండి రిసార్ట్ వాళ్లదేనా అని అడిగి, ఆ మాటను కాంట్రాక్టులో రాయించుకోండి.

కాంట్రాక్టు వచ్చాక సంతకం పెట్టే ముందు నాకు ఒక కాపీ పంపండి. జీతం, ప్రొబేషన్, నోటీసు పీరియడ్ ఉన్న పేజీలు మీ అమ్మాయితో ఫోన్‌లో కలిసి చదువుతాను.