గిన్నెలు తోమే వేళకు ఏకగ్రీవం

ప్రశ్న: నా వయసు 41. మూడేళ్ల కిందట పద్నాలుగు మంది పెద్దలం, అయిదుగురు పిల్లలతో ఉద్యోగాలు వదిలి, జనానికి దూరంగా భూమి కొని ఒకచోట స్థిరపడ్డాం. యజమాని లేడు, అధికారి లేడు. ఏ నిర్ణయమైనా అందరి ఆమోదంతోనే. పిల్లల చదువు మేమే చెప్పుకుంటున్నాం. ఉన్న డబ్బంతా ఒకే నిధిలో వేశాం. రిజిస్ట్రేషన్ సులువవుతుందని భూమి నా పేరు మీద పెట్టాం. నిరుడు మా తమ్ముడూ మరదలూ, ఇంకో జంటా వెళ్లిపోయారు. తమ్ముడు వాటా ఇమ్మంటున్నాడు. మిగిలిన పది మందిలోనూ ఉత్సాహం తగ్గింది. నా భార్య వంటిల్లు, మా అమ్మ బాగోగులు చూసుకుంటుంది గానీ సమావేశాలకు రాదు. ఆమెకు ఈ ఆశయం మీద నమ్మకం లేదు. ఇప్పుడు నియమావళి తిరగరాస్తున్నాను. ఓటింగ్ పెట్టాలా, ఏకాభిప్రాయమే కొనసాగించాలా? నా భార్యకు ఈ ఆశయం ఎలా అర్థమయ్యేలా చెప్పాలి?

జవాబు: మీ ఉత్తరం ఆరు పేజీలు. రాజ్యం గురించి రెండు పేజీలు, బడుల గురించి ఒకటి, తమ్ముడి కృతఘ్నత గురించి ఒకటిన్నర. మీ ఆవిడ గురించి ఉన్నవి నాలుగు వాక్యాలు. నేను ఎక్కువసేపు చదివింది ఆ నాలుగింటినే.

ఓటా, ఏకాభిప్రాయమా అన్నది పక్కన పెట్టండి. పది మంది ఉన్నచోట ఏ పద్ధతైనా నడుస్తుంది. రాబర్ట్ ఓవెన్ 1825లో అమెరికాలోని ఇండియానాలో న్యూ హార్మనీ అనే ఉమ్మడి ఊరు మొదలుపెట్టి, ఒకటి కుదరకపోతే ఇంకొకటిగా రాజ్యాంగాలు మారుస్తూ వచ్చారు. 1827కల్లా ఆ ప్రయోగం చెదిరిపోయింది. భూమి మాత్రం ఆయన చేతిలోనే ఉంది. సమానత్వం ప్రకటించుకున్న ఆ ఊళ్లో ఆడవాళ్లు ఇంటిపని ఎప్పట్లాగే చేసుకుంటూ, పైన సంఘం పని కూడా మోశారు. మీరు తిరగరాస్తున్న కాగితంలో ఈ రెండు విషయాల గురించి, భూమి గురించీ వంటింటి గురించీ, ఒక్క ముక్కైనా ఉందా?

మీ ఆవిడకు ఆశయం అర్థం కాలేదంటున్నారు. మీరు రాసిన వేళలే చూద్దాం. తెల్లవారుజామున అయిదింటికి లేస్తుంది, పదింటిదాకా వంటిల్లు. మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. రోజుకు తొమ్మిది గంటలు, వారానికి 63. మూడేళ్లకు లెక్కేస్తే 9,800 పైచిలుకు. మీ అమ్మగారి సేవ ఇందులో కలపలేదు. వారానికి రెండు గంటల సమావేశం ఒక్కటీ వదలకుండా హాజరైనవాడి లెక్క ఇదే మూడేళ్లలో 312 గంటలు. మిగతావాళ్లలో ఆశయం ఎవరికి ఎంత అర్థమైందో నాకు తెలియదు. దాన్ని రోజూ మోస్తున్నది ఎవరో మాత్రం తెలుస్తోంది.

సమావేశాలకు రాదన్నారు. సమావేశం ఎప్పుడు? రాత్రి భోజనాలయ్యాక, ఎనిమిదింటికి అని మీరే రాశారు. ఆ వేళకు అంతమంది తిన్న గిన్నెలు ఎవరు తోముతున్నారు? మూడేళ్లుగా మీరు ‘అందరి ఆమోదం’ అంటున్నది ఒక మనిషి తొట్టి దగ్గర ఉండగా తీసుకున్న ఆమోదం.

మరదలి సంగతి. ఆ పిల్ల వెళ్లిపోవడానికి పట్నం మీద మోజు కారణమని తేల్చేశారు. మొదటి ఏడాది వంటింట్లో రెండో మనిషి ఆమేనని మూడో పేజీలో మీ చేత్తోనే రాశారు. తోడికోడళ్లిద్దరూ ఆ పొయ్యి దగ్గర ఏం మాట్లాడుకున్నారో మీరెప్పుడూ అడగలేదనుకుంటాను. వెళ్లగలిగిన ఆమె వెళ్లింది. వెళ్లలేని ఆమె ఉంది. కాదనలేని మనిషి ఊరుకోవడాన్ని సమ్మతి అనుకోవడం మీరు వదిలొచ్చిన సంస్థలన్నీ చేసే పనే కదా!

ఇక చేయాల్సినవి. ముందు పని లెక్క. రెండు వారాలు, ప్రతి పెద్ద మనిషీ, అరగంటకో గడి చొప్పున. గోడకు పెద్ద కాగితం కట్టండి. ఎవరి గడి వాళ్లే, అదే రోజు రాత్రి నింపాలి. మర్నాడు గుర్తుచేసుకుని రాస్తే గంటలు సాగుతాయి. ఏది పని, ఏది కాదు అన్నది మొదలుపెట్టకముందే తేల్చుకోండి, లేకపోతే మొదటి వారం గడవకుండానే చర్చలూ చదువులూ పనిలోకి వచ్చి చేరతాయి. రాత్రి పిల్లవాడు ఏడిస్తే లేవడం, సరుకులు ఎప్పుడు అయిపోతాయో చూసుకోవడం, మీ అమ్మగారి మందుల వేళలు, అలిగినవాళ్లను సముదాయించడం, కాలవ పూడిక తీయడం, ఇవన్నీ రాయాలి. ఇంకొకరి గడులు మీ ఆవిడ చేత నింపించకండి. అలా జరుగుతుంది, అందుకే చెబుతున్నా.

వర్జీనియాలోని ట్విన్ ఓక్స్ సమూహం 1967 నుంచి ఉంది. వంద మంది దాకా ఉంటారు. అక్కడ ఒక్కొక్కరికీ వారానికి సుమారు 40 గంటల కోటా. వంట, పిల్లల పెంపకం, అమ్మకానికి చేసే వస్తువుల తయారీ, ఏ పనైనా గంటకు గంటే లెక్క. నాకు అందులో నచ్చేది సమానత్వం కన్నా కాగితం. ఎవరు ఎంత చేశారో కంటికి కనబడుతుంది, దెప్పుకోవాల్సిన పని ఉండదు.

మీ దగ్గర వంటింటి పని వారానికి 63 గంటలు. పది మందికి పంచితే తలకు ఆరుంబావు. రోజుకు రెండు పూటలు, పూటకు ఇద్దరు, ఒక్కొక్కరు రెండుంబావు గంటలు. అంటే మనిషికి వారానికి మూడు పూటలకు మించదు. ఇద్దరిలో ఒకరు బాధ్యుడు, ఒకరు సాయం. నాలుగు పూటలు సాయంగా చేశాకే బాధ్యత అప్పగించండి. ఎంతమందికి ఎంత వేయాలో కొలతలు గోడ మీద ఉండాలి. ఇప్పుడు అవి మీ ఆవిడ తలలో ఉన్నాయి. ఆమె చెబితే ఇంకొకరు రాసుకోవాలి, ఆ రాతపని కూడా ఆమెకే తగిలించకుండా. గిన్నెలు తోమి, పొయ్యి తుడిచి, మర్నాటికి నీళ్లు పట్టి పెట్టడంతోనే పూట అయినట్టు. వండి చేతులు దులుపుకుని వెళ్లేవాళ్ల వల్లే ఇలాంటి పట్టికలు చాలాచోట్ల చెడతాయి.

మొదటి మూడు వారాలు తిండి అధ్వాన్నంగా ఉంటుంది. మాడుతుంది, చాలదు, మిగిలిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు ‘వదిన చేతి వంటే వేరు’ అంటారు. మెచ్చుకోలులా వినిపించే ఆ మాటతోనే ఆమెను మళ్లీ లోపలికి లాగుతారు. ఆమె కూడా చూడలేక లేస్తుంది, మూడేళ్ల అలవాటు కదా. ఆ మూడు వారాలూ ఆమెను పట్టికలో వేయకండి. తర్వాత కావాలంటే తన మూడు పూటలు తాను తీసుకుంటుంది. వద్దంటే వేరే పని ఎంచుకుంటుంది, అందరిలాగే.

సమావేశం పగటిపూటకు మార్చండి. ప్రతి వారం అదే రోజు, అదే గంట. స్పెయిన్‌లోని వాలెన్సియాలో సాగునీటి రైతుల కోర్టు శతాబ్దాలుగా గురువారం మధ్యాహ్నం ప్రధాన చర్చి గుమ్మం ముందు కూర్చుంటోంది. లాయర్లు లేరు, తగవంతా నోటిమాట మీదే. తగవున్నవాడు ఎక్కడికి, ఎప్పుడు వెళ్లాలో వెతుక్కోనక్కర్లేదు. మీకు కావలసింది అంతటి మామూలు ఏర్పాటు. చర్చించే అంశాలు మూడు రోజుల ముందు గోడకు కట్టండి. నిర్ణయం పుస్తకంలో తేదీతో రాయండి, ఆ రోజు ఎవరు లేరో వాళ్ల పేర్లతో సహా. రాలేనివాళ్లకు అభ్యంతరం చెప్పడానికి వారం గడువు. ఆ వారం దాటాకే అమలు.

నియమాలు రాయాలనే ఉంటే లెక్కపెట్టగలిగేవి రాయండి. స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ గ్రామస్థులు 1517లో ఒక కట్టుబాటు రాసుకున్నారు. చలికాలమంతా మేపగలిగినన్ని ఆవులనే వేసవిలో ఉమ్మడి కొండ బీడుకు తోలాలి. ఎవరైనా మీరితే ఆవులను లెక్కపెడితే చాలు, తెలిసిపోతుంది. మీ మొదటి నియమం ‘అందరూ బాధ్యతగా మెలగాలి’. దాన్ని మీరిన మనిషిని నాకు చూపించండి!

ఇక భూమి. ‘సులువని నా పేరు మీద’ అన్నారు. యజమాని లేడన్న వాక్యానికీ దీనికీ మధ్య మూడే వాక్యాలున్నాయి. రేపు మీకేమైనా అయితే ఆ భూమి మీ వారసులది అవుతుంది, మిగతా తొమ్మిది మందీ వాళ్ల దయ మీద బతకాలి. సహకార సంఘమో, ట్రస్టో, మీ చట్టంలో ఏది కుదిరితే అది పెట్టి దాని పేరు మీదికి మార్చండి. సంఘం ఒక్కటే చాలదు. లోపలివాళ్లంతా ఒక రోజు కూడబలుక్కుని అమ్మేసి పంచుకోవచ్చు. జర్మనీలో మీట్స్‌హోయిజర్ సిండికాట్ అనే ఉమ్మడి ఇళ్ల సమాఖ్య దీనికి ఒక కిటుకు పట్టింది. ప్రతి ఇల్లూ ఒక చిన్న కంపెనీ పేరున ఉంటుంది. అందులో భాగస్వాములు ఇద్దరే, ఇంట్లో ఉండేవాళ్ల సంఘం ఒకటి, సిండికాట్ ఒకటి. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప అమ్మకం లేదు. రోజువారీ నడకలో మాత్రం సిండికాట్ వేలు పెట్టదు. మీకూ అలాంటి బయటి చెయ్యి ఒకటి కావాలి, అమ్మకానికి అడ్డుపడే హక్కు మటుకే ఉన్నది.

నిధిలోకి ఎవరు ఎంత తెచ్చారో మనిషికో పేజీ చొప్పున రాయండి. మూడు గళ్లు: తిరిగివ్వక్కర్లేనిది, అప్పు, వాటా. మూడేళ్ల కిందట ఇది రాయలేదు కాబట్టి మీ తమ్ముడు భూమికి ఇవాళ పలికే ధరలో భాగం అడుగుతున్నాడు, మీరు అసలు కూడా దానం కిందే లెక్కేస్తున్నారు. ఇద్దరూ మనస్ఫూర్తిగానే నమ్ముతున్నారు. వెళ్లేవాళ్లకు పెరిగిన ధర పంచితే ఉన్నవాళ్లు దివాలా తీస్తారు. ఏమీ ఇవ్వకపోతే అది బందిఖానా. అసలు సొమ్ముకు మామూలు ధరల పెరుగుదల మేరకు కలిపి, మూడేళ్ల వాయిదాల్లో ఇవ్వండి. ఏటా మిగులులో ఇంత భాగానికి మించి బయటికి పోకూడదన్న హద్దు కూడా పెట్టుకోండి, ఒకేసారి నలుగురు లేస్తే తట్టుకోవడానికి. తమ్ముడికి ఈ లెక్కతోనే రాసిచ్చేయండి. తోడబుట్టినవాడు, కోర్టుదాకా రానివ్వకండి.

ఆ పుస్తకంలో మొట్టమొదటి పేజీ మీ ఆవిడది. ఆమె పొదుపు కూడా నిధిలోనే ఉందని ఎక్కడో చివర్లో ఒక మాట అని వదిలేశారు. ఎంత? ఏ తేదీన? ఆమె పేరు మీద రశీదు ఉందా? ఇంగ్లండులో పెళ్లయిన స్త్రీ సంపాదన చట్టరీత్యా మొగుడిదే అయిన రోజుల్లో, 1844లో ఇరవై ఎనిమిది మంది కలిసి పెట్టిన రోచ్‌డేల్ సహకార సంఘం స్త్రీలను సొంత పేరుతో సభ్యులుగా చేర్చుకుంది. చట్టం 1870లో గానీ కదలలేదు. బయటి ప్రపంచం కన్నా ముందు నడవడమంటే నాకు తెలిసినది అది. మీ సమూహం ఈ ఒక్క విషయంలో బయటి ప్రపంచానికి వెనకే ఉంది. బయట అయితే ఆమెకు కనీసం తన పేరు మీద బ్యాంకు పుస్తకం ఉండేది.

మీ అమ్మగారి సంగతీ ఇందులోదే. నిరుడు ఆవిడ మంచానపడితే ‘మేమే చూసుకున్నాం’ అని రాశారు. చూసుకున్నది ఎవరో ఉత్తరంలోనే ఉంది. మీ సమూహానికి ఆరోగ్య బీమా మీ ఆవిడే అన్నమాట. పదిహేను మంది నిధి ఒక్క పెద్ద జబ్బుకు ఖాళీ అవుతుంది. మీలాంటి నాలుగైదు సమూహాలతో కలిసి పెద్ద వైద్య ఖర్చులకు ఉమ్మడి నిధి పెట్టుకోండి, అంతవరకూ బయటి బీమా తీసుకోండి. అందులో ఆశయభంగం ఏమీ లేదు. సేవ చేసే మనిషికి వారానికి ఒక పూర్తి రోజు సెలవు, ఆ రోజు కొడుకు డ్యూటీ. పిల్లలు కూడా బయటి పరీక్షలు రాసి పత్రాలు చేతిలో పెట్టుకోనివ్వండి. వాళ్లు మీ ఆశయానికి సంతకం చేయలేదు.

ఆమెకు ఎలా నచ్చజెప్పాలి అని అడిగారు. నచ్చజెప్పకండి. మీ ఇద్దరే కూర్చుని, మిగతావాళ్లకు సంబంధం లేకుండా, రెండు విషయాలు అడగండి. ఇక్కడ ఉండాలనుందా? ఉంటే ఏ పని చేయాలనుంది? మొదటిసారి జవాబు రాదు. ‘నా ఇష్టంతో పనేముంది’ అంటుంది. అప్పుడు మీరు ఉపన్యాసం మొదలుపెడితే ఈ కాగితాలన్నీ దండగ. ఆమె సొమ్ము రాసిన పేజీ చేతికిచ్చి లేచి రండి. వెళ్తానంటే తొలి వాయిదా తేదీ అందులో ఉండాలి, తమ్ముడికి రాసినట్టే. పట్టిక మారిన మూడు వారాల తర్వాత మళ్లీ అడగండి.

కొత్త నియమావళి చిత్తుప్రతి నాకు పంపుతానన్నారు. ఇప్పుడొద్దు. రెండు వారాల పని కాగితం పంపండి, మీ పేరు వరసలో గడులు మీరే నింపి.