ఫోనులోనే హాట్‌స్పాట్ ఉండగా విడిగా వైఫై పరికరం కొనాలా?

ఊళ్లు తిరుగుతూ ల్యాప్‌టాప్‌తో ఉద్యోగం చేసేవారు తరచూ అడిగే ప్రశ్న ఇది. నెలకు ఒకటి రెండు ప్రయాణాలే అయితే అక్కర్లేదు, ఫోను చాలు. వారంలో సగం రోజులు బయటే పనిచేసేవారు మాత్రం తప్పకుండా కొనుక్కోవాలి. గంటల తరబడి హాట్‌స్పాట్ నడిపితే ఫోను బాగా వేడెక్కుతుంది, మధ్యాహ్నానికే బ్యాటరీ అడుగంటుతుంది.

అయితే ఒక అపోహ వదులుకోవాలి. ఈ పరికరం సిగ్నల్‌ను పుట్టించదు. అందులోనూ ఉండేది సిమ్ కార్డే. టవర్ నుంచి వచ్చినదాన్నే వైఫైగా పంచుతుంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తూ మన్ననూరు దాటి నల్లమలలోకి ప్రవేశించాక నా పరికరంలో ఎర్రదీపం వెలిగింది. ఫోనులోనూ అదే కంపెనీ సిమ్, రెండూ ఒకేసారి మూగబోయాయి. ఆ రోజు ముఖ్యమైన సమావేశం పోయింది. అందుకే గట్టిగా చెబుతున్నాను: ఫోనులో ఒక కంపెనీ సిమ్ ఉంటే, పరికరంలో మరో కంపెనీది వేయండి. కొనేముందు అది అన్ని సిమ్‌లనూ తీసుకుంటుందో లేదో అడగండి. టెలికాం కంపెనీలు అమ్మేవాటిలో కొన్ని తమ సిమ్‌తోనే పనిచేస్తాయి.

వీడియో సమావేశానికి గంటకు సుమారు 1 జీబీ ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ ప్లాన్ రెండు సమావేశాలతోనే సరి. హోటల్ గదిలో పరికరాన్ని కిటికీ గూట్లో పెట్టండి, బీరువా పక్కన కాదు. ల్యాప్‌టాప్ దగ్గరే ఉంటే పరికరం సెట్టింగుల్లో 5 గిగాహెర్ట్జ్ వైఫై (దగ్గర్లో వేగంగా పనిచేసే బ్యాండ్) ఎంచుకోండి. కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌ను మొదటిరోజే మార్చేయండి.