క్రీమ్ చార్జర్ల అమ్మకం: డబ్బా మీది లేబుల్ దుకాణదారుని కాపాడుతుందా?

ప్రశ్న: మాది తూర్పు లండన్‌లో చిన్న కిరాణా దుకాణం. మద్యం అమ్మే లైసెన్సు కూడా ఉంది. కేకులకు వాడే క్రీమ్ చార్జర్లు (క్రీమ్‌ను పొంగించడానికి నైట్రస్ ఆక్సైడ్ వాయువు నింపిన చిన్న లోహపు గొట్టాలు), వాటితోపాటు పెద్ద నైట్రస్ ఆక్సైడ్ సిలిండర్లు అమ్ముతున్నాం. రాత్రిపూట కుర్రాళ్లు వచ్చి వీటిని, బెలూన్లను కలిపి కొనుక్కుపోతారు. ఆ వేళ గల్లా దగ్గర ఉండేది స్టూడెంట్ వీసా మీద చదువుకుంటున్న మా అక్క కొడుకు. ‘ఆహార అవసరాలకు మాత్రమే’ అని డబ్బా మీద రాసి ఉంది కనుక మనకు ఏ బాధ్యతా ఉండదని హోల్‌సేల్ వ్యాపారి అంటున్నాడు. నా భార్య ఇంట్లో కేకులు చేసి అమ్ముతుంది, ఆమె దగ్గరా చార్జర్లు ఉంటాయి. మేం చేస్తున్నది నేరమా?
– ఒక పాఠకుడు, ఈస్ట్ హామ్

జవాబు: ముందుగా మీ భార్య సంగతి. కేకుల కోసం చార్జర్లు కొనడం, ఇంట్లో ఉంచుకోవడం, వాడుకోవడం నేరం కాదు. అందుకు ఏ లైసెన్సూ అవసరం లేదు. మీరు వర్ణించిన రాత్రి అమ్మకాలు మాత్రం, నా అభిప్రాయంలో, నేరం కిందికి వచ్చే అవకాశం చాలా ఎక్కువగా ఉంది. ఆ నేరం మీకే కాక గల్లా దగ్గర నిలబడిన మీ మేనల్లుడికీ విడిగా చుట్టుకుంటుంది.

2016 మే 26న అమల్లోకి వచ్చిన సైకోయాక్టివ్ సబ్‌స్టాన్సెస్ చట్టం కింద మత్తు కోసం, అంటే బెలూన్లలో నింపుకుని పీల్చడానికి, నైట్రస్ ఆక్సైడ్ వాయువును సరఫరా చేయడం నేరంగా ఉండేది. గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. పీల్చుకోవడానికి దగ్గర ఉంచుకోవడం మాత్రం, జైళ్లలో తప్ప, అప్పట్లో నేరం కాదు. 2023 నవంబర్ 8 నుంచి నైట్రస్ ఆక్సైడ్‌ను 1971 నాటి మిస్‌యూజ్ ఆఫ్ డ్రగ్స్ చట్టంలో ‘సి’ తరగతి మాదకద్రవ్యంగా చేర్చారు. దాంతో అక్రమంగా పీల్చడానికి దగ్గర ఉంచుకున్నవారికి రెండేళ్ల వరకు, అక్రమ సరఫరాకు పద్నాలుగేళ్ల వరకు జైలుశిక్ష, అపరిమిత జరిమానా పడవచ్చు. మాదకద్రవ్యాల దుర్వినియోగంపై ప్రభుత్వానికి సలహా ఇచ్చే మండలి అదే ఏడాది మార్చిలో ఇచ్చిన నివేదికలో దీన్ని 1971 చట్టం కిందికి తేవద్దనే చెప్పింది, ప్రభుత్వం ఆ సలహాను పక్కన పెట్టింది. జేబులో రెండు చార్జర్లున్న కుర్రవాడి విషయంలో మండలి మాటే సబబని నాకూ అనిపిస్తుంది కానీ, పెట్టెలకొద్దీ అమ్మే దుకాణదారుకు ఆ చర్చ వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక మీ ప్రశ్నకు అసలు కీలకమైన చోటికి వద్దాం. ఆసుపత్రులు, దంతవైద్యులు, బేకరీలు, పరిశ్రమలు ఈ వాయువును వాడుతున్నందున చట్టం అమ్మకాన్ని పూర్తిగా నిషేధించలేదు. కొన్న మనిషి దాన్ని అక్రమంగా, అంటే వైద్య అవసరం లేకుండా మత్తు కోసం, పీలుస్తాడని ఉద్దేశించి అమ్మినా, అలా పీల్చే ప్రమాదం ఉందని గ్రహించి కూడా లెక్కచేయకుండా అమ్మినా అమ్మకందారు నేరస్థుడవుతాడు. ఈ రెండో భాగమే మీకు సంబంధించినది. ‘పీల్చుకోండి’ అని మీరు ఎవరికీ చెప్పి ఉండరు. కానీ రాత్రి పదకొండు దాటాక పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు పెద్ద సిలిండరుతోపాటు బెలూన్లు కొంటున్నప్పుడు కేకు చేయబోతున్నారని నిజంగా నమ్మానని జ్యూరీ ముందు చెబితే ఎవరు నమ్ముతారు? తెలియకపోవడం ఒకటి, తెలుసుకోకుండా ఉండాలని కళ్లు మూసుకోవడం మరొకటి. ఈ రెండో రకం నేరమేనని ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా స్పష్టంగా చెబుతున్నాయి.

ఆ దృష్టితో చూస్తే లేబుల్‌కున్న విలువ స్వల్పం. అది తయారీదారు అచ్చువేసిన మాట, మీ మనసులో ఏముందో అది చెప్పదు. కోర్టు చూసేది సీసీ కెమెరా దృశ్యాలు, కార్డు చెల్లింపుల వేళలు, హోల్‌సేలరుతో మీ వాట్సాప్ సందేశాలు, ఒక్కొక్కరికి ఎంత అమ్మారు, పక్కన ఇంకేం అమ్మారు అన్నవే. మామూలు చార్జరులో ఎనిమిది గ్రాముల వాయువు ఉంటుంది, పెద్ద సిలిండర్లలో ఆరువందల గ్రాములకు అటూఇటూ ఉంటుంది. ఇంటి వంటకు అంత పెద్దది ఎందుకన్న ప్రశ్న వేసే మొదటి వ్యక్తి ప్రాసిక్యూటరే. ఇలాంటి సాంకేతిక రక్షణలు గతంలోనూ నిలబడలేదు: ఈ వాయువు ఔషధం కనుక 2016 చట్టం వర్తించదన్న వాదనను 2017లో అప్పీలు కోర్టు తోసిపుచ్చింది. కొనేవారి చేత ‘వంటకే వాడతాను’ అని సంతకం చేయించుకోవడమూ అంతే. సంతకం అబద్ధమని మీకు కనిపిస్తూనే ఉంటే ఆ కాగితం మీకే ఎదురుతిరుగుతుంది.

దీన్ని న్యాయమూర్తులు చిల్లర నేరంగా చూడకపోవడానికి కారణం ఉంది. ఈ వాయువు శరీరంలోని బి12 విటమిన్‌ను పనిచేయకుండా చేస్తుంది, తరచుగా పీల్చేవారిలో వెన్నుపాము దెబ్బతిని కాళ్లు తిమ్మిరెక్కడం, నడక తడబడటం, కొందరిలో శాశ్వత వైకల్యం సంభవిస్తాయి. దుకాణం బడికి దగ్గరగా ఉండి, పిల్లలు వచ్చిపోయే వేళల్లో అమ్మకం జరిగితే శిక్ష పెంచడానికి 1971 చట్టంలోనే ప్రత్యేక నిబంధన ఉంది.

మీ మేనల్లుడి పరిస్థితి మీకన్నా సున్నితమైనది. మామయ్య చెప్పాడు, నేను అమ్మాను అన్నది రక్షణ కాదు; సరఫరా చేసిన చెయ్యి అతనిది. బ్రిటిష్ పౌరుడు కానివారికి ఒక నేరానికి పన్నెండు నెలలు లేదా అంతకుమించి జైలుశిక్ష పడితే, 2007 నాటి యూకే బోర్డర్స్ చట్టం కింద, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, దేశం నుంచి పంపివేయడం తప్పనిసరి. అంతకు తక్కువ శిక్ష పడినా తర్వాతి వీసా దరఖాస్తుకు అది అడ్డుపడవచ్చు. అప్పు చేసి చదివిస్తున్న మీ అక్కకు ఈ సంగతి మీరే చెప్పవలసి వస్తుంది కనుక, ఈ క్షణం నుంచే అతన్ని ఈ సరుకు అమ్మకానికి దూరంగా ఉంచండి.

క్రిమినల్ కేసు రాకపోయినా మద్యం లైసెన్సు మిగలకపోవచ్చు. 2003 లైసెన్సింగ్ చట్టం కింద పోలీసులు గానీ ట్రేడింగ్ స్టాండర్డ్స్ అధికారులు (వ్యాపార నియమాల అమలును చూసేవారు) గానీ మీ లైసెన్సును సమీక్షించమని స్థానిక కౌన్సిల్‌ను కోరవచ్చు, అందుకు మీకు శిక్ష పడి ఉండనక్కరలేదు. దుకాణంలో మాదకద్రవ్యాలు అమ్మడాన్ని ప్రత్యేకించి తీవ్రంగా పరిగణించి, మొదటి తప్పుకైనా లైసెన్సు రద్దును పరిశీలించాలని ఆ చట్టం కింద వెలువడిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. కౌన్సిల్ నిర్ణయం మీద ఇరవై ఒక్క రోజుల్లో మేజిస్ట్రేట్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. శిక్ష పడితే మాత్రం ఈ అమ్మకాల ద్వారా వచ్చిన సొమ్మును 2002 నాటి ప్రొసీడ్స్ ఆఫ్ క్రైమ్ చట్టం కింద రాబట్టే ప్రయత్నమూ జరుగుతుంది.

నా సలహా: పెద్ద సిలిండర్ల అమ్మకం ఈ రోజే ఆపేయండి. లాభం ఎంతైనా మీ దుకాణానికి అది తగిన సరుకు కాదు. చిన్న చార్జర్లు కొనసాగించాలనుకుంటే బేకరీలు, కేఫ్‌లు, మీకు తెలిసిన కేటరింగ్ వారికే, వ్యాపారం పేరున ఇన్‌వాయిస్ రాసి, పగటి వేళ అమ్మండి. అరల్లో బయట పెట్టవద్దు, అనుమానం వస్తే అమ్మవద్దు, ఆ నియమాలను కాగితం మీద రాసి సిబ్బందికి ఇవ్వండి. మిగిలిన సరుకును వెనక్కి తీసుకుంటారేమో హోల్‌సేలరును రాతపూర్వకంగా అడగండి. నిండుగా ఉన్న సిలిండర్లు చెత్తను కాల్చే యంత్రాల్లో పేలతాయి, కనుక బయటి చెత్తబుట్టలో వేయకుండా ప్రమాదకర వ్యర్థాల గురించి కౌన్సిల్‌ను సంప్రదించండి. పాత బిల్లులు, కెమెరా దృశ్యాలు, ఫోను సందేశాలు చెరిపివేయవద్దు. అలా చేస్తే న్యాయప్రక్రియను అడ్డుకున్నారన్న మరో కేసు ఎదురుకావచ్చు. ఈలోగా పోలీసులు వచ్చి మిమ్మల్ని గానీ మీ మేనల్లుడిని గానీ ప్రశ్నించడానికి స్టేషనుకు తీసుకువెళితే, సొలిసిటర్ (న్యాయవాది) వచ్చేవరకు జరిగినదాని గురించి ఏమీ చెప్పవద్దు. స్టేషనులో సొలిసిటర్ సలహా ఉచితం, మీ ఆదాయంతో దానికి సంబంధం లేదు, అడిగితే తెలుగు దుబాసీని కూడా ఏర్పాటు చేస్తారు.