వంగ మొదళ్లకు గొర్రె ఉన్ని వేస్తే మొక్కలు ఎందుకు చనిపోతున్నాయి?

ప్రశ్న: మాకు 80 దక్కనీ గొర్రెలు ఉన్నాయి. గొంగడి నేసేవాళ్లు తగ్గిపోయి బొచ్చు ఎవరూ కొనడం లేదు. మల్చింగ్‌లా పనికొస్తుందని 2 గుంటల వంగ తోటలో మొదళ్ల చుట్టూ దట్టంగా కప్పాను. ఈమధ్య ఉన్నట్టుండి చనిపోయిన రెండు గొర్రెల బొచ్చు కూడా అందులో కలిపాను. 20 రోజులకే మొక్కలు పసుపెక్కి వడలిపోతున్నాయి. మొదట్లో తెల్లని పోగులు అంటుకుని ఉన్నాయి. బొచ్చు వేడికి వేళ్లు కాలాయా? షాపులో వేరుపురుగని చెప్పి గుళికలు ఇచ్చారు. వేయాలా?
– ఒక రైతు, నారాయణపేట జిల్లా

జవాబు: వేయొద్దు. ఇది వేడీ కాదు, వేరుపురుగూ కాదు. మీ గొర్రెల ఉన్ని నలుపు కదా, తెల్లని పోగులు దానివి ఎలా అవుతాయి? అది మొదలుకుళ్లు తెగులు బూజు. పశువైద్యాధికారి వచ్చి చూశాకే (ఎందుకో కింద చెబుతాను) చనిపోయిన మొక్కను పీకి చూడండి, మొదట్లో ఆవగింజల్లాంటి గోధుమరంగు గింజలు కనిపిస్తాయి. వేరుపురుగైతే వేళ్లు కొరికి ఉంటాయి. మొక్కను చూడకుండా ఇచ్చే మందును నమ్మి ఎన్నిసార్లు డబ్బు పోగొట్టుకుంటారు? ఆ గుళికలు ఫోరేట్ అయితే 2020 డిసెంబర్ 31 నుంచి దేశంలో పూర్తిగా నిషేధం, తిరిగి ఇచ్చేయండి.

చచ్చిన మొక్కలను మట్టితో సహా తీసి కాల్చేయండి. మిగతా మొక్కల మొదళ్లలో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (రాగి మందు) కలిపి నేల తడిసేలా పోయండి. 10 రోజులకు మరోసారి పోయాలి. ఆ తర్వాత రెండు వారాలు ఆగి, తెగులు బూజును అణిచే మేలు చేసే శిలీంధ్రం ట్రైకోడెర్మా విరిడిని 100 గ్రాములు 5 కిలోల మాగిన పశువుల ఎరువులో కలిపి చల్లండి. రెండూ ఒకేసారి వేస్తే రాగి మందు ట్రైకోడెర్మాను చంపేస్తుంది.

ఉన్ని మంచిదే. తేమను పట్టి ఉంచుతుంది, నత్రజనిని నెమ్మదిగా ఇస్తుంది. భాస్వరం మాత్రం దాదాపు ఇవ్వదు. మొదలుకు బెత్తెడు దూరం వదిలి, అంగుళం మందానికి మించకుండా, ముందు నేల తడిపి పరవాలి. జిడ్డు వల్ల కొత్త ఉన్ని మీద నీళ్లు జారిపోతాయి కాబట్టి డ్రిప్ పైపు ఉన్ని కిందే ఉండాలి. మల్చింగ్ వేశాక కూడా పాత లెక్కనే నీళ్లు పెడితే మొదళ్లు కుళ్లక ఏమవుతాయి? రెండంగుళాల లోతున మట్టి ఆరితేనే తడి ఇవ్వండి.

అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టింది ఆ చనిపోయిన గొర్రెల ఉన్ని. గొర్రెలు ఉన్నట్టుండి చనిపోయే చిటుక రోగమే అయి ఉండొచ్చు. కానీ దొమ్మ, అంటే ఆంత్రాక్స్ అయితే దాని బీజాలు మట్టిలో దశాబ్దాల పాటు బతుకుతాయి, మనుషులకూ సోకుతుంది. కాబట్టి పైన చెప్పిన పనులేవీ ఇప్పుడే మొదలుపెట్టకండి. ఈ రోజే పశువైద్యాధికారికి చెప్పండి. ఆయన వచ్చి చూసేదాకా ఆ ఉన్నిని, ఆ మట్టిని ముట్టుకోవద్దు, పిల్లలను, గొర్రెలను అటు పోనివ్వద్దు. మీ చేతుల మీద నొప్పి లేని పుండు లేచి నల్లగా చెక్కు కడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈ సంగతి డాక్టరుకు చెప్పండి.

ఇకపై ఏ గొర్రె హఠాత్తుగా చనిపోయినా కోయొద్దు, తోలు తీయొద్దు, బొచ్చు కత్తిరించొద్దు. చిటుక రోగం టీకా వానాకాలానికి ముందే గొర్రెల మంద మొత్తానికీ వేయించండి. దొమ్మ మీ ప్రాంతంలో ఇంతకుముందు వచ్చి ఉంటే దాని టీకా కూడా ఏటా వేయించాలి. దొమ్మ టీకా వేసే రోజుల్లో యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇస్తే టీకా పనిచేయదు.