ఎన్ని రెట్లు? ఎంత దూరం? భూతద్దాలపై మీ ప్రశ్నలు

ప్రశ్న: మాది ఖాదీ నేత. బట్టలో అంగుళానికి ఎన్ని పోగులు పడ్డాయో లెక్కపెట్టుకోవాలి, మగ్గం మీద తెగిన పోగు వెతుక్కోవాలి. రెంటికీ ఒకే భూతద్దం చాలుతుందా? దుకాణంలో 10 రెట్లది పట్టుకెళ్లమంటున్నారు. (పొందూరు)

జవాబు: చాలదండి. 10 రెట్లది రెండు పనులకీ పనికిరాదు. దాంతో చూడాలంటే బట్ట అద్దానికి అంగుళం దూరంలో ఉండాలి. మగ్గం మీద వంగి అంగుళం దూరం నుంచి పోగు ముడివేయడం ఎవరి తరమూ కాదు.

లెక్కకి పిక్ గ్లాసు అడగండి. మూడు రేకులుగా మడిచి జేబులో వేసుకునేది, సుమారు 5 రెట్లు చూపించేది. తెరిచి బట్ట మీద నిలబెడితే చాలు, దూరం దానంతటదే కుదురుతుంది. అడుగు రేకులో చదరపు కన్నం ఉంటుంది. కొనేటప్పుడు ఆ కన్నాన్ని స్టీలు స్కేలుతో కొలవండి, అంగుళమైతే 25.4 మిల్లీమీటర్లు ఉండాలి. సెంటీమీటరు కన్నం ఉన్నవీ వస్తాయి. వాటితో వచ్చిన లెక్కని 2.54తో హెచ్చించాలి కాబట్టి ఒక్క పోగు తప్పినా అంగుళం లెక్కలో రెండున్నర పోగుల తేడా వస్తుంది. అంగుళం కన్నందే తీసుకోండి.

తెల్ల ఖాదీ కింద నల్లకాగితం పరవండి. పోగుల మధ్య సందులు నల్లటి చుక్కల్లా తేలి, ఒక్కో పోగూ విడిగా కనిపిస్తుంది. కన్నం ఎడమ అంచుని ఒక పోగు పక్కకి సరిగ్గా ఆనించి, సూదిమొనతో ఒక్కొక్కటే దాటిస్తూ లెక్కపెట్టండి. చివర సగం పోగు కనిపిస్తే అర అని రాసుకోండి. బట్టని లాగి పట్టుకోకూడదు, లాగితే పోగులు ఎడమవుతాయి. అంచు దగ్గర నేత చిక్కగా ఉంటుంది, అక్కడ కొలిచిన లెక్కకి విలువ లేదు. చేతి వడుకు నూలు ఒక్కచోట సన్నం, ఒక్కచోట లావు. మిల్లు బట్టకి మూడుచోట్ల చూస్తే సరే, మీ బట్టకి అయిదుచోట్ల చూసి సగటు తీయండి. పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డం పోగులు) విడివిడిగా. నూలు కౌంటు మాత్రం భూతద్దంలో తేలేది కాదు. అది పొడవుకీ బరువుకీ ఉన్న లెక్క, తూకం వేస్తేనే తెలుస్తుంది.

తెగిన పోగుకి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. తలకి పట్టీలా బిగించుకునే అద్దం తీసుకోండి. ఇందులో 1.75 రెట్లది సుమారు 14 అంగుళాల దూరంలో, 2 రెట్లది 10 అంగుళాల దూరంలో, 3.5 రెట్లది 4 అంగుళాల దూరంలో స్పష్టంగా చూపిస్తుంది. మీకు మొదటిదే సరైనది. ‘ఇంత తక్కువేమిటి’ అనిపిస్తుంది గానీ, మగ్గం మీద కూర్చుని పెట్టుకు చూస్తే తేడా తెలుస్తుంది.

ప్రశ్న: ఒకే సైజు భూతద్దం ఒక దుకాణంలో రెండున్నర రెట్లన్నారు, ఇంకోచోట మూడున్నర రెట్లన్నారు. ఆన్‌లైన్‌లో 30 రెట్లది చవగ్గా వస్తోంది. ఏది నమ్మాలి? (విజయనగరం)

జవాబు: మొదటి ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు. రెట్లు కట్టడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, 25ని అద్దం నాభ్యంతరంతో (దూరపు వస్తువు బొమ్మ అద్దం నుంచి ఎంత దూరంలో స్పష్టంగా పడుతుందో ఆ దూరం, సెంటీమీటర్లలో) భాగించడం. రెండోది, వచ్చినదానికి ఇంకో ఒకటి కలపడం. నాభ్యంతరం 10 సెంటీమీటర్లయితే మొదటి లెక్కలో 2.5, రెండో లెక్కలో 3.5. అద్దం అదే. తలపట్టీ అద్దాలకి రెండో లెక్క వేస్తారు, నగలవాళ్లు కంటికి ఆనించి చూసే చిన్న భూతద్దాలకి, అంటే లూపులకి, మొదటిది.

అందుకని మీరే కొలుచుకోండి. గదిలో కిటికీకి ఎదురుగోడ దగ్గర నిలబడి తెల్లకాగితం మీదకి అద్దాన్ని ముందుకీ వెనక్కీ జరపండి. బయటి కొబ్బరిచెట్టు తలకిందులుగా, ఆకు ఈనెలతో సహా కాగితం మీద పడేచోట ఆపండి. అద్దానికీ కాగితానికీ మధ్య దూరమే నాభ్యంతరం, మీరు వస్తువుని పెట్టి చూడాల్సిన దూరం కూడా దాదాపు అదే. సూర్యుడితో ఈ పరీక్ష చేయొద్దు, కాగితం అంటుకుంటుంది. చదువుకునే పెద్ద భూతద్దాన్ని ఎండపడే కిటికీలో వదలకూడదనేదీ అందుకే.

ఇక 30 రెట్లది. దాని మీద ‘30 × 21’ అని ఉంటుంది. 21 అనేది అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. నిజంగా 30 రెట్లయితే వస్తువు అద్దానికి 8 మిల్లీమీటర్ల దగ్గరకి రావాలి. కొలిచి చూడండి, 20, 25 మిల్లీమీటర్ల దగ్గరే స్పష్టంగా కనిపిస్తే అది పది, పన్నెండు రెట్లదే. గళ్ల కాగితం కూడా చూడండి: అంచుల్లో గీతలు వంగి, పక్కన నీలం, ఎరుపు చారలు కనిపిస్తే లోపలున్నది ఒంటి కటకం. మూడు కటకాలు అతికించిన ట్రిప్లెట్‌లో గీత చివరిదాకా తిన్నగా ఉంటుంది.

ప్రశ్న: బంగారం గాజుల మీద హాల్‌మార్క్ చదవాలి. ఎలాంటిది కొనాలి? (శ్రీకాకుళం)

జవాబు: 10 రెట్ల ట్రిప్లెట్ లూపు. వజ్రాలు చూసేవాళ్లకీ అదే ప్రమాణం. పట్టుకునే తీరు ముఖ్యం: లూపుని కంటికి ఆనేంత దగ్గరగా పెట్టి, బొటనవేలు బుగ్గకి ఆనించి, గాజుని అంగుళం దూరానికి తీసుకురండి. రెండు చేతులూ ఒకదానికొకటి తగిలి ఉంటే వణుకు ఆగుతుంది. రెండో కన్ను మూయక్కర్లేదు. మెరుపు అడ్డొస్తే గాజుని కాస్త తిప్పండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 22కె916 లాంటి స్వచ్ఛత అంకె, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ (ఒక్కో నగకి విడిగా ఇచ్చే కోడు), ఈ మూడూ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా అమ్మే హాల్‌మార్క్ నగకి హెచ్‌యూఐడీ తప్పనిసరి. ఆ కోడుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు.

ప్రశ్న: ట్రాక్టర్ మెకానిక్‌ని. ఇంజన్ వెనక ఆయిల్ కారేచోటు, వెల్డింగ్ అడుగుభాగం చూడటానికి కాడ ఉన్న అద్దం (భూతద్దం కాదు, ప్రతిబింబం చూపేది) కొన్నాను. దాంట్లో చూస్తూ భూతద్దం పెడితే అంతా మసక. టార్చి వేసినా చీకటే. (రాజాం)

జవాబు: మీ భూతద్దం ఎక్కువ రెట్లది అయి ఉంటుంది. ఇక్కడ దూరం రెండు ముక్కలు: వెల్డింగ్ నుంచి అద్దానికి ఒకటి, అద్దం నుంచి భూతద్దానికి ఒకటి. రెండూ కలిపి నాభ్యంతరానికి సరిపోవాలి. 10 రెట్లదానికి మొత్తం రెండున్నర సెంటీమీటర్లే, అందులో అద్దమే పట్టదు. నాభ్యంతరం 10, 12 సెంటీమీటర్లున్నది తీసుకుంటే వెల్డింగ్‌కి 6, భూతద్దానికి 4 అలా పంచుకోవచ్చు. ఫోన్ కెమెరాతోనూ ఇదే లెక్క. తెరమీద అద్దం అంచుని కాక, అందులో కనిపించే వెల్డింగ్‌నే తాకి ఫోకస్ చేయండి.

టార్చి సంగతి: వెలుతురుని వెల్డింగ్ మీదకి కాదు, అద్దం మీదకే కొట్టండి. టార్చి మీ కణత పక్కన ఉంటే, మీ చూపు వెళ్లే దారినే వెలుతురూ వెళ్తుంది. నూనె తడి తళుక్కుమంటే టార్చిని రెండు వేళ్ల వెడల్పు పక్కకి జరపండి. ఏటవాలు వెలుతురులో పగులుకి నీడపడి గీతలా తేలుతుంది.

గుండ్రంగా 2 అంగుళాలున్నది మామూలు పనికి, అంగుళంది ఇరుకు సందులకి. మెడ దగ్గరి గుండు వదులై అద్దం వాలిపోతుంటే పక్కనున్న చిన్న స్క్రూలు బిగించండి. పెన్సిల్ మొన అద్దానికి ఆనించినప్పుడు మొనకీ దాని ప్రతిబింబానికీ మధ్య సందు ఉంటే అద్దం మెరుపుపూత వెనకవైపు ఉన్నట్టు, రెండూ కలిస్తే ముందువైపు. ముందుపూత బొమ్మ శుభ్రంగా చూపిస్తుంది గానీ వేస్టు గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పాడు. షెడ్డు పనికి వెనకపూతదే మేలు.

ఒక జాగ్రత్త. అద్దంలో కుడి ఎడమలు తారుమారు. స్క్రూ బిగిస్తుంటే అద్దంలో విప్పుతున్నట్టు కనిపిస్తుంది. చేతికి నమ్మకం కుదిరేదాకా తిప్పకండి. ఇంజన్ తిరుగుతుండగా బెల్టు దగ్గరికి కాడ పోనివ్వొద్దు, బ్యాటరీ టెర్మినళ్ల మధ్యకి అసలే వద్దు, ఇనపకాడ షార్టవుతుంది.

ప్రశ్న: ఇలాంటి అద్దమే, ఏడాదికే అంచులు నల్లబడ్డాయి. (కళింగపట్నం)

జవాబు: ఉప్పుగాలి అంచునుంచి పూతలోకి దూరుతుంది. కొత్తది తెచ్చిన రోజే అంచు చుట్టూ గోళ్లరంగు పల్చగా పూయండి, పని అయ్యాక మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. ప్లాస్టిక్ భూతద్దాలకీ ముందు కడగడమే, ఇసుక పోయాకే మెత్తటి నూలుగుడ్డ. వాటిని పెట్రోలు, థిన్నరుతో తుడవొద్దు, సన్నటి పగుళ్లతో తెల్లబడతాయి.