ట్యూబా, ట్రాన్సిస్టరా? ముందు స్పీకరు సంగతి చూడమ్మా

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. పాట సంకేతాన్ని పెంచి స్పీకరుకు అందించే యాంప్లిఫయరు, గాజు గొట్టాలతో నడిచే ట్యూబుది కొనాలా, ట్రాన్సిస్టర్‌ది కొనాలా అని అడిగావు. ఎవరెవరు ఏమేమి చెప్పారో, ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదని కూడా రాశావు. అంత వివరంగా రాసిన ఉత్తరంలో నీ దగ్గరున్న స్పీకర్లు ఏవో మాత్రం ఎక్కడా లేదు. నీ ప్రశ్నకు సగానికి పైగా జవాబు వాటిలోనే ఉంది. అందుకే అక్కడినుంచే మొదలుపెడతాను.

స్పీకర్లతో వచ్చిన కాగితాల్లో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది, చూడు. 86 డెసిబెళ్లు, 90 డెసిబెళ్లు అని రాస్తారు. 8 ఓమ్‌ల స్పీకరుకు ఒక వాటు ఇచ్చి, మీటరు దూరం నుంచి కొలిస్తే వచ్చే శబ్దం అది. ఆ అంకె 3 పెరిగితే అంతే శబ్దానికి సగం వాట్లు సరిపోతాయి. 10 పెరిగితే పదో వంతు చాలు. అంటే 96 డెసిబెళ్ల హార్న్ (బూర ఆకారపు) స్పీకరుకు 8 వాట్లు ఇచ్చినా, 86 డెసిబెళ్ల చిన్న స్పీకరుకు 80 వాట్లు ఇచ్చినా వచ్చే శబ్దం ఒకటే. ఒక్కో చానెల్‌కు ఒకే ఒక 300బి అనే ట్రయోడ్ (మూడు ఎలక్ట్రోడ్ల ట్యూబు) పెట్టి, సంకేతమంతా దానితోనే మోయించే సింగిల్ ఎండెడ్ యాంప్లిఫయరు ఇచ్చేది ఇంచుమించు ఆ 8 వాట్లే. పుస్తకాల అరలో పట్టే స్పీకరుకు దాన్ని తగిలించావనుకో, ఒక గొంతూ ఒక వేణువూ వింటున్నంతసేపు హాయిగా ఉంటుంది. పెద్ద ఆర్కెస్ట్రా ఎత్తుకునేసరికి శబ్దమంతా ఒకచోట ముద్దకట్టి, వాద్యాలు ఒకదాన్నుంచి ఒకటి విడివడవు. అది ట్యూబు తప్పు కాదు, జోడీ కుదర్చడంలో తప్పు.

రెండో అంకె ఇంపెడెన్స్, అంటే కరెంటుకు స్పీకరు చూపే అడ్డు. దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. దీన్ని చాలామంది పట్టించుకోరు కానీ నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో ముఖ్యమైనది ఇదే. స్పీకరు వెనక 8 ఓమ్‌లు అని ముద్రించి ఉన్నా అది నామమాత్రపు విలువ. స్వరం మారేకొద్దీ అసలు విలువ మారిపోతూ ఉంటుంది. ఒకచోట 4 ఓమ్‌లకు దిగుతుంది, మంద్ర స్వరాలు పలికే వూఫర్ తనంతట తాను ఎక్కువగా ఊగే స్వరం (రెజొనెన్స్) దగ్గర 20 ఓమ్‌లు దాటుతుంది. మామూలు ట్రాన్సిస్టర్ యాంప్లిఫయరుకు దీనితో పేచీ లేదు. దాని ఔట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే దాని సొంత లోపలి అడ్డు, సాధారణంగా ఓములో పదో వంతు కూడా ఉండదు. అందువల్ల 4 ఓమ్‌ల దగ్గరా, 20 ఓమ్‌ల దగ్గరా దాదాపు ఒకే వోల్టేజీ అందిస్తుంది. ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌లో కొంత వెనక్కి తెచ్చి తప్పులు దిద్దుకునే పద్ధతి) లేని ట్రయోడ్ యాంప్లిఫయరులో అదే విలువ 2, 3 ఓమ్‌ల దాకా ఉంటుంది. 3 ఓమ్‌లు అనుకుని లెక్క వేసి చూడు. స్పీకరు 4 ఓమ్‌లు ఉన్నచోట వోల్టేజీలో 57 శాతం దానికి చేరుతుంది. 20 ఓమ్‌లు ఉన్నచోట 87 శాతం చేరుతుంది. డెసిబెళ్లలో ఆ తేడా 3.6. ఎవరి చెవికైనా స్పష్టంగా తెలిసేంత తేడా అది.

అంటే స్పీకరు ఇంపెడెన్స్ గ్రాఫులో ఎక్కడ మిట్ట ఉంటే అక్కడ శబ్దం పెరుగుతుంది, ఎక్కడ పల్లం ఉంటే అక్కడ తగ్గుతుంది. ట్యూబు పెట్టగానే బేస్ నిండుగా వచ్చిందనీ, గొంతులకు నిగారింపు వచ్చిందనీ మెచ్చుకుంటారే, అందులో పెద్ద భాగం ఇదే. అదే యాంప్లిఫయరును మరో స్పీకరుకు తగిలిస్తే ఆ నిగారింపు పోయి ఇంకేదో వస్తుంది. ఒక ఇంట్లో విని మోజుపడి కొన్నది తమ ఇంట్లో ఎందుకు అలా పలకదో చాలామందికి అర్థం కాకపోవడానికి కారణం ఇదే. నీ స్పీకరు ఇంపెడెన్స్ పెద్దగా ఎగుడుదిగుళ్లు లేకుండా 8 ఓమ్‌ల చుట్టుపక్కలే తిరుగుతుంటే ట్యూబుకు చక్కగా ఒదుగుతుంది. 3 ఓమ్‌లకు పడిపోయే రకమైతే కరెంటు ధారాళంగా ఇవ్వగల ట్రాన్సిస్టర్ యాంప్లిఫయరు వైపే వెళ్లు, రెండో ఆలోచన వద్దు.

గాజు గొట్టంలో ఏదో మహిమ ఉందని ఎవరైనా చెబితే 1985లో జరిగిన సంగతి గుర్తు పెట్టుకో. అమెరికాలో బాబ్ కార్వర్ అనే యాంప్లిఫయర్ల రూపశిల్పి స్టీరియోఫైల్ పత్రికతో ఒక పందెం వేశాడు. మీకు నచ్చిన ఖరీదైన యాంప్లిఫయరు ఏదైనా తెండి, నా ట్రాన్సిస్టర్ యాంప్లిఫయరును అచ్చం దానిలాగే పలికిస్తానన్నాడు. వాళ్లు ట్యూబులది తెచ్చారు. రెండింటి ఔట్‌పుట్‌లను ఒకదానిలోంచి ఒకటి తీసేసి, మిగిలిన తేడా శబ్దాన్ని కొలుస్తూ, ఆ మిగులు దాదాపు మాయమయ్యేదాకా తన యంత్రాన్ని సరిచేశాడు. తరవాత ఆ పత్రిక వాళ్లే విని తేడా పట్టుకోలేకపోయారు. మనకు నచ్చే గుణాలు నిజమైనవే, ఊహలు కావు. అయితే అవి కొలవగలిగిన గుణాలు, సర్క్యూట్ నుంచి వచ్చే గుణాలు.

ఆ గుణాల్లో మరొకటి హార్మోనిక్ డిస్టార్షన్, అంటే అసలు సంకేతంలో లేని పై స్వరాలు వచ్చి కలవడం. సింగిల్ ఎండెడ్ ట్రయోడ్ అసలు స్వరానికి దాని పై స్థాయి స్వరాన్ని కాస్త కలుపుతుంది. అది రెండో హార్మోనిక్. మూల స్వరంతో శ్రుతి కలిసే ఉంటుంది కాబట్టి చెవికి ఎబ్బెట్టుగా తోచదు, ఒక నిండుదనంలా తోస్తుంది. కానీ ట్యూబులన్నీ ఇలాగే పలుకుతాయని అనుకోకు. రెండు ట్యూబులను ఎదురెదురుగా పనిచేయించే పుష్‌పుల్ సర్క్యూట్‌లో సరిసంఖ్య హార్మోనిక్‌లు (రెండోది, నాలుగోది వంటివి) చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. దానికి ఫీడ్‌బ్యాక్ కూడా గట్టిగా ఇస్తే ఆ ట్యూబు యాంప్లిఫయరు శుభ్రంగా, నిటారుగా పలుకుతుంది. 1947లో డి.టి.ఎన్. విలియమ్సన్ బ్రిటన్‌లోని వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ప్రచురించిన డిజైను అలాంటిదే. కెటి66 ట్యూబుల జతతో 15 వాట్లు, డిస్టార్షన్ 0.1 శాతం లోపు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో బార్డీన్, బ్రాటెన్ మొదటి ట్రాన్సిస్టర్‌ను పనిచేయించింది కూడా ఆ ఏడాది డిసెంబరులోనే. ట్రాన్సిస్టర్ కళ్లు తెరిచేనాటికే ట్యూబు అంత దూరం వచ్చేసింది, గమనించావా?

1960లలో వచ్చిన తొలి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లలో చాలావాటి మాట గరుకుగా ఉండేదన్నది నిజం. సంకేతం పై సగాన్ని ఒక ట్రాన్సిస్టర్, కింది సగాన్ని మరొకటి మోస్తాయి. ఒకదాని నుంచి రెండోదానికి చేయి మారేచోట చిన్న మెలిక పడేది. దాన్నే క్రాసోవర్ డిస్టార్షన్ అంటారు. శబ్దం తగ్గించి వినేటప్పుడే అది ఎక్కువగా బయటపడుతుంది. సంగీతంలోని సున్నితమైన చోట్లను అది గీరేస్తుంది. ట్రాన్సిస్టర్ అంటే కటువు అనే పేరు ఆ కాలంలో వచ్చి అలాగే నిలిచిపోయింది. ఇప్పుడు సరిగ్గా బయాస్ చేసిన (పాట లేనప్పుడూ కొంచెం కరెంటు పారేలా అమర్చిన) క్లాస్ ఏబీ రకం యాంప్లిఫయరులో ఆ మెలికను చెవితో పట్టుకోవడం అసాధ్యం. ట్రాన్సిస్టర్లను స్విచ్చిల్లా వాడుతూ 90 శాతం దాకా సామర్థ్యంతో నడిచే క్లాస్ డీ యాంప్లిఫయర్లు కూడా బాగా చేసినవైతే నిశ్శబ్దంగా, నిర్మలంగా పలుకుతున్నాయి. వాటిని చిన్నచూపు చూడకు.

ఇక ఇంట్లో రోజూ దానితో కాపురం చేయడం సంగతి. ఈఎల్34 అనే ఔట్‌పుట్ ట్యూబు ఒక్కొక్కదాని హీటరుకే (లోపల వేడెక్కే తీగకే) 6.3 వోల్టుల దగ్గర 1.5 ఆంపియర్లు కావాలి. నాలుగు ట్యూబులుంటే పాట మొదలుపెట్టకముందే దాదాపు 38 వాట్లు వేడికి పోతాయి. ఆ పైన ప్లేట్ల కరెంటు ఉండనే ఉంది. మూసిన అలమరలో పెట్టడం కుదరదు, చుట్టూ గాలి ఆడాలి. ఔట్‌పుట్ ట్యూబు గాజు 200 డిగ్రీల దాకా వేడెక్కగలదు. పాకే పిల్లలు ఉన్న ఇంట్లో లోహపు పంజరం లేకుండా నేల మీద పెట్టడానికి నేను ఒప్పుకోను.

ట్యూబులు అరుగుతాయి కూడా. ముందు దశలో ఉండే 12ఏఎక్స్7 వంటి చిన్నవి ఏళ్ల తరబడి ఉంటాయి. ఔట్‌పుట్ ట్యూబులు మాత్రం ఎంత బలంగా నడిపారన్నదాన్ని బట్టి కొన్ని వేల గంటలకు మార్చాల్సి వస్తుంది. మార్చేటప్పుడు జత కలిపినవే కొనాలి. ఫిక్స్‌డ్ బయాస్ (ట్యూబు కరెంటును చేత్తో అమర్చే రకం) యాంప్లిఫయరైతే కొత్తవి పెట్టిన ప్రతిసారీ బయాస్ సరిచేయించాలి. నీకు ఇదే మొదటిది కాబట్టి ఆ కరెంటును తనంతట తానే సర్దుకునే కేథోడ్ బయాస్ ఉన్నది చూసుకో. వాట్లు కొంచెం తగ్గినా ఈ బెడద ఉండదు. ఈఎల్34, 12ఏఎక్స్7 వంటి వాడుక రకాలు స్లొవాకియా, రష్యా, చైనాలలో ఇప్పటికీ తయారవుతున్నాయి కాబట్టి దొరకవేమోనన్న భయం అక్కర్లేదు. ఎవరూ తయారు చేయని అరుదైన ట్యూబుతో నడిచే యాంప్లిఫయరు జోలికి మాత్రం వెళ్లకు, ఎంత బాగా పలికినా సరే. పాత నిల్వల ట్యూబులు వేలంపాటల్లో కొని, మార్చి మార్చి పెట్టి వినే సరదా కూడా ఇప్పుడే వద్దు. ఆ డబ్బుతో గదిలో ఒక మందపాటి తివాచీ, కిటికీలకు బరువైన తెరలు వేస్తే ఎన్నో రెట్లు లాభం.

ఈ ఉత్తరంలో మిగతా అంతా మరిచిపోయినా ఈ ఒక్క పేరా మరవకు. ట్యూబు యాంప్లిఫయరు లోపల 300 నుంచి 500 వోల్టుల డీసీ ఉంటుంది. స్విచ్చి ఆపినా, ప్లగ్గు పీకినా కెపాసిటర్లు ఆ చార్జిని పట్టుకుని ఉండగలవు. అది ప్రాణం తీసేంత చార్జి. అడుగు పలక విప్పే పని ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయాలి. ఇంకొకటి: స్పీకరు తగిలించకుండా ట్యూబు యాంప్లిఫయరులో పాట పెట్టకూడదు. లోడు లేకపోతే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో విపరీతమైన వోల్టేజీ లేచి, చుట్టల మధ్య ఇన్సులేషన్ కాలిపోవచ్చు. ట్రాన్సిస్టర్‌తో జాగ్రత్త దీనికి తలకిందులు. స్పీకరు లేకపోయినా దానికేమీ కాదు, కానీ స్పీకరు తీగల కొనలు ఒకదానికొకటి తగిలితే ముప్పు. ఒకవేళ దాని ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయితే డీసీ నేరుగా స్పీకరులోకి పోయి కాయిల్‌ను మాడ్చేస్తుంది. అందుకే డీసీ రక్షణ రిలే (డీసీ వస్తే స్పీకరును విడదీసే స్విచ్చి) ఉందో లేదో అడిగి తెలుసుకునే కొను. ట్యూబు యాంప్లిఫయరులో ఆ కాపలా పని ట్రాన్స్‌ఫార్మరే చేస్తుంది, డీసీని స్పీకరు దాకా రానివ్వదు.

ట్రాన్స్‌ఫార్మర్ గురించి ఒక మాట. ట్యూబు యాంప్లిఫయరు డబ్బులో, బరువులో ఎక్కువ భాగం అదే. ట్యూబుకు కొన్ని వేల ఓమ్‌ల లోడు కావాలి, స్పీకరు చూస్తే 8 ఓమ్‌లు. ఆ రెండింటినీ కలిపేది ఇదే. 5000 ఓమ్‌లను 8కి దించాలంటే చుట్టల నిష్పత్తి 25కి 1. ఇందులో పొదుపు చేస్తే బేస్ లోతు పోతుంది, పై స్వరాల స్వచ్ఛతా పోతుంది. కాబట్టి చౌకగా, తేలిగ్గా ఉన్న ట్యూబు యాంప్లిఫయరు కనిపిస్తే ఎత్తి చూడు. చేతికి బరువు తగలకపోతే అక్కడే పెట్టేసి వచ్చేయ్. కొన్నిటిలో ట్యూబు కింద రంగు ఎల్‌ఈడీ పెట్టి వెలిగిస్తారు. ట్యూబు తన పని చేస్తే వచ్చే కాంతి చాలు, అలా అలంకరించిన దాన్ని నేనైతే కొనను. వెనక 4, 8 ఓమ్‌ల ట్యాపులు (స్పీకరు తీగలు తగిలించే చోట్లు) వేరువేరుగా ఉండాలి. ఏది బాగుంటుందో రెండూ మార్చి విని నిర్ణయించుకో. తప్పు ట్యాపు పెట్టినంత మాత్రాన స్పీకరుకు ప్రమాదమేమీ లేదు.

విని ఎంచుకునేటప్పుడు రెండు యాంప్లిఫయర్ల శబ్దం సమానంగా ఉండేలా చూడమని గట్టిగా చెప్పు. కొంచెం పెద్దగా మోగేది ఎవరికైనా మెరుగ్గానే తోస్తుంది, అది చెవి స్వభావం. 1000 హెర్ట్జ్ స్వరం ఒకటి పెట్టి, స్పీకరు తీగల దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ కొలిస్తే సరి. ఒకదానిలో 2.00 వోల్టులు ఉంటే రెండోదానిలో 2.02 దాటకూడదు. నీకు బాగా తెలిసిన పాటలే తీసుకెళ్లు. వాళ్లు వినిపించే రికార్డులు వాళ్ల యంత్రానికి నప్పేవై ఉంటాయి. పాట ఆపేసి, స్పీకరుకు చెవి ఆనించి కూడా విను. సెన్సిటివిటీ ఎక్కువున్న స్పీకర్లలో ట్యూబు యాంప్లిఫయరు హమ్ (గుయ్‌మనే సన్నని మోత) వినబడవచ్చు. కూర్చునే చోటు దాకా అది రాకపోతే పరవాలేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్పమంటే, మామూలు స్పీకర్లతో, అన్ని రకాల సంగీతమూ వినే ఇంటికి మంచి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయరే చెబుతాను. అది ఏళ్లకేళ్లు పేచీ పెట్టకుండా పనిచేస్తుంది. నా గదిలో రాత్రిపూట మోగేది మాత్రం ట్యూబులే. దానికి తగిన స్పీకర్లు ఉన్నాయి, ఎక్కువగా వినేది గొంతులు, కొద్దిపాటి వాద్యాలు, శబ్దం తక్కువ పెట్టుకుంటాను. అలా వింటే ట్రయోడ్ ఇచ్చే ఆ దగ్గరితనం నాకు ప్రాణం. నీకూ అలాంటి వినికిడే ఇష్టమైతే, 92 డెసిబెళ్లకు పైన ఉన్న స్పీకర్లు అమరితే, నిస్సంకోచంగా ట్యూబుది కొనుక్కో, నేను వద్దనను. ఉన్న స్పీకర్లు మార్చే ఉద్దేశం లేకపోతే వాటికి ఏది నప్పుతుందో అదే మన నిర్ణయం.

నీ స్పీకర్ల మోడల్, సెన్సిటివిటీ, దొరికితే ఇంపెడెన్స్ గ్రాఫు, గది పొడవు వెడల్పులు రాసి పంపు. నువ్వు కూర్చునే చోటు స్పీకర్ల నుంచి ఎంత దూరమో కూడా కొలిచి రాయి. అవి చూసి ఎన్ని వాట్లు కావాలో లెక్క వేసి చెబుతాను. అప్పటిదాకా ఎక్కడా బయానా ఇవ్వకు.

ఇట్లు,
మీ బాబాయి